గూల్డ్ ముందా, రూబిన్‌స్టీన్ ముందా?

పియానో సంగీతం ఎవరితో మొదలుపెట్టాలని అమలాపురం కుర్రాడొకడు అడిగితే నేను చెప్పే పేర్లు రెండు: గ్లెన్ గూల్డ్, ఆర్థర్ రూబిన్‌స్టీన్. ఇద్దరూ 1982లోనే పోయారు. పోలిక దాదాపు అక్కడితో సరి.

పోలండ్‌లో 1887లో పుట్టిన రూబిన్‌స్టీన్‌కి వేదికే ప్రాణం. కుర్రతనంలో సాధన అంతంతమాత్రం. 1932లో పెళ్లయ్యాకే గట్టిగా కూర్చున్నారు. చూపు మందగించి 1976లో కచేరీలు ఆపేనాటికి ఆయనకి 89 ఏళ్లు.

అదే 1932లో టొరంటోలో పుట్టిన గూల్డ్ 31 ఏళ్లకే, 1964లో, కచేరీలకి దణ్ణం పెట్టేసి స్టూడియోలో కూర్చున్నారు. 1955లో రికార్డు చేసి పేరు తెచ్చుకున్న గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌ని (జర్మన్ స్వరకర్త బాఖ్ రచన) 1981లో మళ్లీ రికార్డు చేశారు. మొదటిది సుమారు 38 నిమిషాలు, రెండోది 51. నాకు రెండోదే ఇష్టం. వాయిస్తూ ఆయన తీసే కూనిరాగం కూడా వినపడుతుంది, కొందరికి చిరాకు!

మన చెవికైతే రూబిన్‌స్టీనే ముందు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి వీణ విన్నవాళ్లకి పియానోలో గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, కుదరకపోవడం వెలితే. రూబిన్‌స్టీన్ వాయించిన షోపాన్ అనే స్వరకర్త నాక్టర్న్‌లలో (రాత్రి వేళని తలపించే చిన్న పియానో రచనలు) కుడిచేతి పాట స్పష్టంగా పైకి తేలుతుంది కాబట్టి ఆ వెలితి తెలియదు. బాఖ్‌లో రెండు మూడు వరసలు ఒకేసారి నడుస్తాయి. ఏది పట్టుకోవాలో మొదట్లో టెన్షనే.

నేర్చుకోవాలనుకుంటే మాత్రం డిజిటల్ పియానో కొనండి. కోనసీమ తేమకి చెక్క ఉబ్బి, అసలు పియానో శ్రుతి ఊరికే తప్పుతుంది.