క్రిటాలో లేయర్లు, ఒపాసిటీ: గిత్త బొమ్మలు గీస్తూ ఏళ్లుగా వాడాక

ఒంగోలు చుట్టుపక్కల ఊళ్లలో బండలాగుడు పోటీలకు వేసే ఫ్లెక్సీల కోసం గిత్త బొమ్మలు గీస్తుంటాను. మొదటి నుంచీ వాడుతున్నది కంప్యూటర్లో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్రిటానే. ఉచితం, ఓపెన్ సోర్స్. దీని బ్రష్షులను అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం లేయర్ల పద్ధతే, అంటే బొమ్మను ఒకదాని మీద ఒకటి పారదర్శక పొరలుగా గీసే పద్ధతే, ఎక్కువ నచ్చింది.

ఒంగోలు గిత్త తెల్లనిది. మెడ, మూపురం దగ్గర బూడిద రంగు తేలుతుంది. తెల్లటి ఒంటికి కండ తేవాలంటే అంతా నీడల పనే. ఒంటి రంగు కింద లేయర్లో వేసి, దాని పైన ఇంకో లేయర్ పెట్టి మల్టిప్లై మోడ్‌లో నీడ వేస్తాను. మల్టిప్లై తన కిందున్న రంగులనే ముదురు చేస్తుంది, పైనున్న వాటిని తాకదు. అందుకే పగ్గాన్నీ గజ్జెలనూ నీడ కింద ఉంచితే మసకబారతాయి, పైన ఉంచితే మెరుస్తాయి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ బోర్డు గీసినా ఇంతే. నల్లరాతిలోని బంగారు చుక్కల లేయర్ నీడకు పైన ఉండాలి.

కొత్తవాళ్లకు టెన్షన్ పెట్టేది ఇన్‌హెరిట్ ఆల్ఫా. లేయర్లో వేసే రంగు కిందున్న బొమ్మ హద్దు దాటకుండా ఆపే సెట్టింగ్ ఇది. ఇలాంటి పనే చేసే ఫొటోషాప్ క్లిప్పింగ్ మాస్క్, కింద ఉన్న ఒక్క లేయరునే ఆధారం చేసుకుంటుంది. క్రిటాలో అదే గ్రూపులో (లేయర్లను కలిపి పెట్టుకునే ఫోల్డర్ లాంటిది) కిందున్న లేయర్లన్నీ కలిపి లెక్కకొస్తాయి. నిండుగా రంగు పూసిన బ్యాక్‌గ్రౌండ్ కూడా అందులోనే ఉంటే నీడ గిత్త ఒంటి దగ్గర ఆగదు, కాన్వాసంతా పాకుతుంది. గిత్తను వేరే గ్రూపులో పెడితే సరిపోతుంది.

ఇక ఒపాసిటీ, అంటే రంగు తన కిందున్నదాన్ని ఎంత శాతం కప్పుతుందన్నది. 50 శాతం లేయర్ మీద 50 శాతం లేయర్ పడితే 100 కాదు, 75 వస్తుంది. మిగిలిన సగంలో సగాన్నే రెండోది కప్పుతుంది కదా. దుమ్ములో వెనకబడ్డ గిత్తను మసగ్గా చూపించాలని ఒళ్లు, కాళ్లు, తల లేయర్లను విడివిడిగా 50కి దించితే పొట్టలోంచి తొడ కనిపిస్తుంది. అదే గ్రూపు మొత్తానికి ఒకేసారి దించితే బొమ్మంతా సమంగా పలచబడుతుంది. బ్రష్ ఒపాసిటీ సంగతి వేరు. గీసిన గీతలోనే అది కలిసిపోతుంది, తర్వాత మార్చలేం. లేయర్ ఒపాసిటీని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అందుకే నీడలను ముదురుగా వేసి, లేయర్లో తగ్గించడమే నాకిష్టం.

ఇబ్బంది ఉన్నది మెమరీతోనే. 6000 × 4000 పిక్సెళ్ల కాన్వాసు మీద నిండా రంగున్న లేయర్ ఒక్కటి, రంగుల లోతు (కలర్ డెప్త్) 8 బిట్‌లో ఉంటే దాదాపు 96 ఎంబీ పట్టేస్తుంది. 16 బిట్ పెడితే దానికి రెట్టింపు. ర్యామ్ తక్కువున్న లాప్‌టాప్ అయితే పని పూర్తయిన లేయర్లను కంట్రోల్ ఈ నొక్కి కిందికి కలిపేయండి. నీడ లేయరును మాత్రం చివరిదాకా కలపొద్దు. ప్రింటుకు పంపే ముందు ‘అన్నా, మెడ దగ్గర నలుపు కొంచెం తగ్గించు’ అనే ఫోన్ తప్పకుండా వస్తుంది.