ఎనిమిదేళ్ల వాడకం తర్వాత కాటలినా 22: ఇద్దరికి సరిపోయే పడవేనా?

ఎనిమిదేళ్లుగా మా ఆయనా నేనూ ఒకే తెరచాప పడవ నడుపుతున్నాం. కాటలినా 22, స్వింగ్ కీల్ మోడల్ (కీల్ అంటే పడవ అడుగున నీళ్లలోకి దిగే బరువైన రెక్క, ఇందులో దాన్ని పైకి ఎత్తుకోవచ్చు), సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది. కొనేముందు లోపల ఎంత చోటుంది, ఎంతమంది పడుకోవచ్చు, ఎంత వేగం వెళ్తుంది అని చూశాం. ఇప్పుడు ఎవరైనా సలహా అడిగితే అవన్నీ పక్కన పెట్టి ఒక్కటే అడుగుతాను: మీ ఇద్దరిలో బలం తక్కువున్నవాళ్లు ఒక్కరే ఈ పడవను ఒడ్డుకు తేగలరా?

మొదటి సీజన్‌లో ఒక మధ్యాహ్నం, గాలి గట్టిగానే ఉంది. మా ఆయన సీటు కుషన్ ఒకటి తీసి నీళ్లలోకి విసిరేశారు. "అది నేననుకో. పడవలో ఇక నువ్వొక్కదానివే. వచ్చి తీసుకో" అని చేతులు కట్టుకుని కూర్చున్నారు. జిబ్, అంటే ముందున్న చిన్న తెరచాప, దించాలంటే ముందు డెక్ మీదికి వెళ్లాలి. వెళ్తే చుక్కాని వదిలేయాలి. వదిలిన క్షణంలో పడవ తనంతట తాను తిరిగిపోతోంది. నాలుగుసార్లు తప్పిపోయి ఐదోసారి కుషన్ చేతికందింది. అదే మనిషైతే అన్న ఆలోచనతో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాటి నుంచి పడవలో మార్పులు మొదలుపెట్టాం. జిబ్‌కి రోలర్ ఫర్లింగ్ పెట్టించాం, కూర్చున్న చోటి నుంచే ఒక్క తాడు లాగితే తెరచాప చుట్టుకుపోతుంది. పెద్ద తెరచాప దించే తాడు, గాలి ఎక్కువైతే దాన్ని కొంత మడిచి చిన్నది చేసే (రీఫ్) తాడు కూడా కాక్‌పిట్ (కూర్చుని పడవ నడిపే చోటు) దాకా తెచ్చుకున్నాం. వెనకాల నిచ్చెన ఎలాగూ ఉంది, కానీ దాన్ని పైనుంచే విప్పగలిగేవాళ్లం. నీళ్లలో ఉన్న మనిషి కింది నుంచి లాగితే కిందికి దిగేలా మార్చాం. తడిసిన బట్టలతో ఉన్న పెద్ద మనిషిని ఇంకొకరు చేతుల బలంతో పైకి లాగడం అయ్యే పని కాదు. అందుకే ఏ పడవ చూడ్డానికి వెళ్లినా నేను ముందు నిచ్చెన దగ్గరే ఆగుతాను.

ఇక పడవ సంగతి. ఫ్రాంక్ బట్లర్ రూపకల్పన, 1969లో తయారీ మొదలైంది, 15,000కు పైగా తయారయ్యాయి. ఇన్ని ఉండటం వల్ల విడిభాగాలకు, తెలిసినవాళ్ల సలహాలకు లోటు రాలేదు. పొడవు 21 అడుగుల 6 అంగుళాలు. బరువు సుమారు 1,000 కిలోలు, అందులో దాదాపు 250 కిలోలు ఒక్క ఇనుప కీల్‌దే. కీల్ దించితే 5 అడుగుల లోతు కావాలి, పైకెత్తితే 2 అడుగులు చాలు.

ఆ కీల్‌ని వించ్ (కేబుల్ చుట్టే చక్రం) తిప్పుతూ కేబుల్‌తో ఎత్తాలి. చాలా చుట్లు తిప్పాలి, కానీ గేరు ఉంది కాబట్టి నాకు కష్టం కాదు. ఒక్కటి మాత్రం మరిచిపోకూడదు: దించేటప్పుడు హ్యాండిల్ మీద నుంచి చెయ్యి తీయకూడదు. అది తనంతట తిరగడం మొదలుపెడితే మణికట్టు విరుగుతుంది. గాలి బాగా ఉండి పడవ వేగం అందుకుంటే ఆ కేబుల్ నీళ్ల కింద తుమ్మెదలా ఝుమ్మంటుంది, కాళ్ల కింద నేల సన్నగా వణుకుతుంది. మొదట్లో ఏదో విరిగిందని టెన్షన్ పడ్డాను. ఇప్పుడు ఆ మోత వినపడితే వేగం చూడక్కర్లేదు. రాత్రి లంగరు వేసి పడుకున్నప్పుడు మాత్రం వేరే చప్పుడు, అల వచ్చినప్పుడల్లా కీల్ అటూ ఇటూ తగిలి టక్, టక్. కీల్ కదలకుండా పట్టే లాక్ బోల్ట్ బిగిస్తే తగ్గుతుంది. లోతు తక్కువున్న చోట ప్రయాణిస్తుంటే మాత్రం ఆ బోల్ట్ వదులుగానే ఉంచుతాం, ఇసుక తగిలితే కీల్ వెనక్కి మడుచుకోవాలి కదా.

కేబుల్, కీల్ వేలాడే పిన్, కేబుల్ లోపలికొచ్చే చోటి రబ్బరు గొట్టం, దాని క్లాంపులు. ఈ నాలుగూ ఏటా చూస్తాం. ఆ గొట్టం నీటి మట్టానికి కింద ఉంటుంది, చిరిగితే పడవే మునుగుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు లోపలి పరుపుల రంగు చూసే ముందు టార్చి పట్టుకుని అక్కడికి వంగి చూడండి.

రోడ్డు మీద కథ వేరు. పడవ, ట్రైలర్, మోటారు, సామాన్లు అన్నీ కలిస్తే 1,500 కిలోలు దాటిపోతుంది. దానికి తగ్గ బండి లేకపోతే ఈ పడవ వైపు చూడకపోవడమే మంచిది. మొత్తం బరువులో సుమారు పదో వంతు బండి కొక్కెం మీద పడేలా సామాన్లు సర్దుకోవాలి. వెనక బరువెక్కువైతే ట్రైలర్ పాములా ఊగుతుంది. ఒకసారి దూరం వచ్చి దిగగానే నీళ్లలోకి దించేశాం. కాలుతున్న చక్రాల హబ్‌లు చన్నీళ్లలో పడగానే లోపలికి నీరు పీల్చుకున్నాయి. తర్వాతి నెలకల్లా ఒక బేరింగు తుప్పు పట్టి రోడ్డు మధ్యలో మమ్మల్ని ఆపేసింది. తప్పు మాదే. అప్పటి నుంచి హబ్ మీద అరచెయ్యి పెట్టి చల్లబడిందని తెలిశాకే దించుతున్నాం. ఇంకో ఇబ్బంది, ట్రైలర్ మీద ఈ పడవ ఎత్తుగా కూర్చుంటుంది. పడవ నీళ్లలోకి దించే ర్యాంప్ వాలు తక్కువైతే చాలా లోపలికి వెళ్తేగానీ తేలదు. మా ట్రైలర్‌కి పొడిగింపు కడ్డీ పెట్టించాకే ఆ బాధ తీరింది.

మాస్ట్ (తెరచాప స్తంభం) లేపడం ఇద్దరి మధ్యా గొడవలు తెచ్చే పని. సుమారు 25 అడుగుల గొట్టం, సగం లేచాక పక్కకు ఒరిగిందంటే ఆపడం కష్టం. మొదటి ఏడాది ఆయన భుజాన ఎత్తేవారు, నేను ముందు నుంచి తాడు లాగేదాన్ని, ఇద్దరం అరుచుకునేవాళ్లం. తర్వాత జిన్ పోల్ అమర్చుకున్నాం. మాస్ట్ అడుగున బిగించే చిన్న గుంజ, దానికో కప్పీ, అంతే. నిదానంగా ఒక్కరే లేపొచ్చు. లేపే ముందు, లేపాక పడవను కదిపే ముందు, పైన కరెంటు తీగలు ఉన్నాయా అని ఇద్దరం తలెత్తి చూస్తాం, పైకి చెప్పుకుంటాం. ఇందులో మొహమాటం లేదు. బండి ఆపిన దగ్గర్నుంచి నీళ్లలో తేలేదాకా మొదట్లో మూడు గంటలు పట్టేది, ఇప్పుడు గంటా పావు.

కేబిన్‌లో ఐదుగురు పడుకోవచ్చంటారు. ఇద్దరికైతే బాగుంటుంది. ఒకరి సామాను ఒక బెర్త్ మీద, ఇంకొకరిది ఇంకో దాని మీద, ముందు భాగంలో నిద్ర. లోపల నిటారుగా నిలబడలేం. మా దాంట్లో పాప్‌టాప్ ఉంది కాబట్టి లంగరు వేశాక కప్పు ఎత్తుకుంటే నడుము నిటారవుతుంది. మూడు రాత్రుల దాకా హాయి. నాలుగో రోజుకి మాత్రం విసుగొస్తుంది.

వారాంతం ఒక పూట తిరిగి వచ్చేవాళ్లకి, చిన్న కారున్నవాళ్లకి ఇది నేను చెప్పను. వెస్ట్ వైట్ పాటర్ 19 చూడండి, కీల్ ఎత్తితే 6 అంగుళాల నీళ్లలో తేలుతుంది, లాగడానికీ తేలిక. లోపల చోటు ముఖ్యమనుకుంటే మ్యాక్‌గ్రెగర్ 26 ఉంది. దాని బ్యాలస్ట్ (నిలకడ కోసం అడుగున ఉంచే బరువు) నీళ్లే కాబట్టి రోడ్డు మీద ఖాళీగా తేలిగ్గా వస్తుంది. గాలి ఎక్కువైనప్పుడు పడవ నిలకడగా, చెప్పిన మాట వింటూ ఉండాలంటే నా ఓటు ఇనుప కీల్‌కే.

ఈ ఏడాది మా ఆయనకి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం లేదు. మాస్ట్ నేనే లేపుతున్నాను. ఆయన కింద నిలబడి తీగలు చూసి, స్టే (మాస్ట్‌ని పట్టి ఉంచే కేబుల్) బిగుసుకుందో లేదో చెప్తున్నారు. ఈ సీజన్‌లో ఇప్పటికి పదకొండుసార్లు వెళ్లొచ్చాం.