22 కిలోల పాత దూది, రామంతాపూర్‌లో ఒక చిన్న దుకాణం

మా పరుపు బరువు 22 కిలోలు. ఇన్నేళ్ళు దాని మీద పడుకున్నా ఆ సంగతి నాకు తెలియదు. మొన్న మార్చిలో హైదరాబాద్ రామంతాపూర్‌లోని ఒక చిన్న దుకాణంలో కాటా మీద వేసినప్పుడు తెలిసింది. 1994లో నా పెళ్ళికి నాన్న చేయించి ఇచ్చిన పరుపు అది. నల్లగొండలో మా ఇంటి అరుగు మీద దూదేకులాయన రెండు రోజులు కూర్చుని, విల్లుతో దూది ఏకి, అందరి ముందే కుట్టాడు. పెళ్ళిపనుల సందడిలో కూడా ఆ విల్లు టంగుటంగుమనే చప్పుడు ఇల్లంతా వినిపించేది.

అలాంటి పరుపును 2019లో చుట్టి స్టోర్ రూములో నిలబెట్టి, 28 వేలు పెట్టి ఫోమ్ పరుపు కొన్నాం. ఏ షోరూమో చెప్పను. మొదటి రెండేళ్ళు హాయిగానే ఉంది. కానీ మే నెల వచ్చిందంటే వీపు కింద సెగ. మెమరీ ఫోమ్ ఒంటి వేడికే మెత్తబడి మనిషి ఆకారంలోకి దిగుతుంది. ఒళ్ళు అందులో కూరుకుపోతే గాలి ఆడే చోటెక్కడిది? ఏసీ లేని గదిలో, బయట 41 డిగ్రీలున్న రోజుల్లో నాకది నిద్ర కాదు, శిక్ష. నాలుగో ఏడు మావారు పడుకునే వైపు గుంట పడింది. పదేళ్ళ గ్యారంటీ ఉంది కదా అని ఫోన్ చేస్తే ఒకబ్బాయి వచ్చి స్కేలు పెట్టి కొలిచాడు. గుంట ఒకటిన్నర అంగుళం దాటితేనే మారుస్తారట, మాది అంగుళమేనట. పైగా ఒక మూల టీ మరక ఉంది కాబట్టి గ్యారంటీ వర్తించదన్నాడు. పరుపు కొనేవాళ్ళు ఎన్నేళ్ళ గ్యారంటీ అని మాత్రమే అడగకండి. ఎంత లోతు గుంట పడితే మారుస్తారో కాగితం మీద చదివి మరీ కొనండి.

రెండేళ్ళు అలాగే నెట్టుకొచ్చాం. నా నడుము నొప్పి ఎక్కువయ్యాక పాత పరుపు గుర్తొచ్చింది.

దాన్ని తీసుకెళ్ళిన ఆ రామంతాపూర్ దుకాణానికి పేరు లేదు. రేకు మీద చేత్తో రాసిన ‘పరుపులు, దిండ్లు, రజాయిలు కుట్టబడును’ అన్న అక్షరాలే దాని బోర్డు. ముందు గదిలో పెద్దాయన కుడతారు, వెనక రేకుల షెడ్డులో ఆయన కొడుకు ఏకే మిషన్ నడుపుతాడు. పెద్దాయన మా పరుపు కుట్టు ఒక మూల విప్పి, గుప్పెడు దూది తీసి, రెండు చేతుల మధ్య మెల్లగా లాగి చూశారు. తర్వాత వెలుతురులోకి పట్టుకున్నారు.

“అమ్మా, ఇది మంచి దూది. పోగు ఇంకా పొడుగుంది చూడుండ్రి. పారేయకుండ్రి, ఏకిస్తే మల్ల పొంగుతది.”

“ముప్పై ఏళ్ళు దాటింది భాయ్, ఇంకా పనికొస్తుందా?”

“దూది సావదమ్మా, అణుగుతది అంతే.”

ఆయన చెప్పిందేంటంటే, మంచి పత్తి పోగు మన బరువుకు అణిగి ఒకదానికొకటి చిక్కుపడి గట్టిపడుతుంది. ఏకితే చిక్కు విడి, పోగుల మధ్య మళ్ళీ గాలి చేరుతుంది. పొట్టి పోగుకు ఆ బలం లేదు, ఏకినప్పుడల్లా విరిగి దుమ్మైపోతుంది. అది నాకు అర్థం కావాలని రెండు బస్తాలు విప్పి చూపించారు. ఒకదానిలో తెల్లటి కొత్త పత్తి. రెండోదానిలో బూడిద రంగు దూది, మధ్యమధ్య ఎర్రని, నీలం రంగు నలుసులు. దర్జీల దగ్గర మిగిలిన ముక్కల్ని చీల్చి చేసిన దూది అది. అడిగినవాళ్ళకు దానితోనూ కుట్టి ఇస్తారు, కానీ త్వరగా గడ్డలు కడుతుందని ముందే చెబుతారు. కొత్త పత్తిలో పాలిస్టర్ కలిసిందేమో చూసుకోవడానికి చిటికెడు దూది అగ్గిపుల్లతో అంటించమన్నారు. పత్తి కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. మా పాత దూదిలో కలపడానికి తీసుకున్న మూడు కిలోల కొత్త పత్తి నుంచి తీసి అంటిస్తే బూడిదే వచ్చింది.

బూరుగు దూది కలపమని అడిగాను, మెత్తగా ఉంటుందని. ఆయన ఒప్పుకోలేదు. బూరుగు పోగు లోపల బోలుగా ఉంటుంది, పైన మైనంలాంటి పూత ఉంటుంది కాబట్టి తేలికగా, చల్లగా ఉంటుంది, చెమ్మ పట్టదు. కానీ పెళుసు. రోజూ మనిషి బరువు పడితే నలిగి పొడవుతుంది. దిండ్లకైతే దానికి మించింది లేదన్నారు. అమ్ముకోవాలంటే నేను అడిగిందల్లా కలిపి డబ్బు తీసుకోవచ్చు. వద్దని చెప్పిన ఆ మాట దగ్గరే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

ఏకే రోజు నేను పట్టుబట్టి అక్కడే కూర్చున్నాను. మీరూ కూర్చోండి, మీ దూది మీకే తిరిగి వస్తుందన్న నిశ్చింత ఉంటుంది. మిషన్‌లోకి గట్టి అట్టల్లా వెళ్ళిన దూది అవతల నురగలా వచ్చి పడుతుంటే చూస్తూ ఉండిపోయాను. షెడ్డంతా దుమ్ము. ఆ అబ్బాయి ముక్కుకు ఒక పల్చని చేతిరుమాలు కట్టుకున్నాడంతే. దూది దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. సాయంత్రం ఒక మాస్కుల పెట్టె కొని ఇచ్చి, రోజూ పెట్టుకోమని రెండుసార్లు చెప్పి వచ్చాను. దుమ్మంతా పోయాక మా దూది ఇరవైన్నర కిలోలు తేలింది.

పరుపు గుడ్డ మాత్రం నేనే ఎంచుకున్నాను. దట్టంగా నేసిన చారల నూలు గుడ్డ. వేళ్ళతో వెలుతురుకు పట్టుకుంటే కన్నాలు కనిపించకూడదు, లేదంటే ఆ కన్నాల్లోంచే దూది బయటికొస్తుంది. మెరిసే శాటిన్ గుడ్డ చవకే కానీ దుప్పటి దాని మీద నిలవదు, జారిపోతుంది. దూది పరిచి నింపాక పెద్దాయన దబ్బనంతో, లావు నూలు దారంతో, జేనెడుకొకటి చొప్పున పైనుంచి కిందికి కుట్లు వేశారు. ఈ కుట్లలోనే అంతా ఉంది. దూరం దూరంగా వేస్తే దూది ఒక పక్కకు జరిగిపోతుంది, మరీ బిగిస్తే పరుపు చెక్కలా అవుతుంది. ఆయన ప్రతి కుట్టూ బిగించాక అరచేత్తో నొక్కి చూసి, రెండు చోట్ల విప్పి మళ్ళీ వేశారు.

ఖర్చు: ఏకడానికి కిలోకు 40 చొప్పున 880, కొత్త పత్తి మూడు కిలోలు 660, గుడ్డ పది మీటర్లు 1,200, కుట్టుకూలి 900, ట్రాలీ ఆటో 300. మొత్తం 3,940 రూపాయలు.

నచ్చనివీ ఉన్నాయి. రెండు రోజులన్నది ఐదు రోజులైంది, ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇంటికొచ్చాక చూస్తే కాళ్ళ వైపు ఒక మూల ఎత్తుగా ఉంది. చెబితే పెద్దాయనే ఇంటికొచ్చి, మూల విప్పి సర్ది, పైసా తీసుకోకుండా కుట్టి వెళ్ళారు. బిల్లు అడిగితే చీటీ మీద లెక్క రాసిచ్చారు, అంతకంటే ఏమీ ఉండదు.

మొదటి వారం గట్టిగా అనిపించింది, ఒళ్ళు ఫోమ్‌కు అలవాటు పడింది కదా. రెండో వారం నుంచి పొద్దున లేవగానే నడుము పట్టుకోవడం తగ్గింది. ఈ మే నెల వీపు కింద ఆ సెగ లేదు. నాకు అదే చాలు.

పరుపు బాగుపడ్డాక దుప్పట్ల మీద దృష్టి పడింది. మా ఆడపడుచు కానుకగా ఇచ్చిన దుప్పటి మీద ‘1000 త్రెడ్ కౌంట్’ అని ఉండేది. ఒక చదరపు అంగుళంలో నిలువు, అడ్డం పోగులెన్నో చెప్పే లెక్క అది. ఒంటి పోగుతో నేస్తే అంగుళంలో అన్ని పోగులు పట్టనే పట్టవు. సన్నపోగులు రెండుమూడు పేని, ఒక్కొక్కదాన్నీ విడిగా లెక్కేస్తే అంత పెద్ద అంకె వస్తుంది. ఆ దుప్పటి బరువుగా, వెచ్చగా ఉండేది. మన ఎండలకు ఒక పోగు పైకి, ఒక పోగు కిందికి సాదాగా నేసిన 200, 300 లెక్క దుప్పటి చల్లగా ఉంటుంది. పోచంపల్లి ఇక్కత్ నేత దుప్పట్లు రెండు కొన్నాను. నేసే ముందే నూలుకు ముడులు కట్టి రంగులు అద్దుతారు కాబట్టి నిజమైన ఇక్కత్‌లో వెనకవైపూ రంగు అంతే నిండుగా ఉంటుంది. తిప్పి చూడండి, వెనక వెలిసినట్టుంటే అది అచ్చు వేసింది.

ఉతకడంలో మాత్రం హైదరాబాద్ బోరు నీళ్ళతో జాగ్రత్త. ఆ నీళ్ళలోని సున్నం సబ్బుతో కలిసి పోగుల్లో పేరుకుంటుంది, అందుకే దుప్పట్లు గరుకెక్కి, తెల్లవి పచ్చబడతాయి. నేను దుప్పట్లు, గలీబులు నల్లా వచ్చే రోజునే ఉతుకుతాను. మాకు రోజు విడిచి రోజు వస్తుంది. తప్పనిసరై బోరు నీళ్ళు వాడితే చివరి జాడింపులో అరకప్పు తెల్ల వెనిగర్ వేస్తాను. రంగు దుప్పట్లు మొదటి రెండు ఉతుకులూ విడిగా, చన్నీళ్ళలో. మా అబ్బాయికి డస్ట్ అలర్జీ ఉంది కాబట్టి వాడి తెల్ల దుప్పట్లు, గలీబులు మాత్రం వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో వేస్తాను, దుమ్ములో ఉండే, కంటికి కనపడని పురుగులు ఆ వేడికి చస్తాయి.

పరుపును ఉతకలేం, ఎండే దానికి స్నానం. నెలకోసారి తల వైపు కాళ్ళ వైపుకు మారుస్తాను. ఎండాకాలంలో రెండు వారాలకోసారి మావారూ అబ్బాయీ దాన్ని డాబా మీదికి మోస్తారు. పది నుంచి ఒంటి గంట దాకా ఒకవైపు, తర్వాత రెండోవైపు ఎండనిచ్చి, చీపురు వెనకతో కొట్టి, వేడి తగ్గాకే దుప్పటి వేస్తాను.

మీరు ఏకించాలనుకుంటే ఉగాదికీ జూన్‌కీ మధ్యలో ఇవ్వండి, వానల్లో దూది చెమ్మ పీల్చుకుని సరిగ్గా పొంగదు. శుక్రవారం మధ్యాహ్నం దుకాణం మూసి ఉంటుంది. వచ్చే వారం మా నాలుగు మెత్తలూ పట్టుకెళ్తున్నాను, ఈసారి బూరుగు దూదితో.