గిటార్ తయారీలో తేమ: గదిని ఆరబెట్టాలా, పెట్టె చాలా?

ఇంటి దగ్గర అకౌస్టిక్ గిటార్ కట్టేవాళ్లు, అందులోనూ విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు వాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. తేమ అదుపులో ఉండాలంటే ఏసీ గది సరిపోతుందా, డీహ్యూమిడిఫయర్ కొనాల్సిందేనా, లేక చెక్కల్ని సిలికా జెల్ పెట్టెలో దాచుకుని పని కానిస్తే చాలా? ఏడాదికి ఒకటో రెండో గిటార్లు కట్టేవాళ్లకైతే నా ఓటు పెట్టెకే. కాకపోతే అది చెక్కలు దాచుకునే పెట్టెగా మాత్రమే మిగలకూడదు. బ్రేసులు (పలకకు లోపలి వైపు బలానికి అంటించే కర్రలు) అంటించేటప్పుడు వంగే పుల్లలతో వాటిని నొక్కిపట్టే చట్రం, అదే గో-బార్ డెక్, కూడా అందులో పట్టాలి. లాభమంతా అక్కడే ఉంది.

కట్టేటప్పుడు గాలిలో సాపేక్ష తేమ (ఆర్‌హెచ్) 45% దగ్గర ఉండాలన్నది అందరికీ తెలిసిందే. దాని వెనక ఉన్న అంకెలు చూస్తే ఏ పద్ధతి ఎంతవరకు పనికొస్తుందో తేలిగ్గా అర్థమవుతుంది. 80% తేమగాలిలో చాలాకాలం ఉన్న చెక్కలో, దాని పొడి బరువులో 15–16% నీరు ఉంటుంది. 45% గాలిలో అది ఎనిమిదిన్నర దగ్గరికి దిగుతుంది. క్వార్టర్‌సాన్ (చెట్టు వలయాలు పలక ముఖానికి నిలువుగా వచ్చేలా కోసిన) సిట్కా స్ప్రూస్ పలక లోపలి నీరు ఒక శాతం తగ్గితే అడ్డంగా సుమారు 0.15% కుదించుకుపోతుంది. 400 మిల్లీమీటర్ల వెడల్పున్న డ్రెడ్‌నాట్ (పెద్ద సైజు గిటార్) టాప్‌లో, అంటే పై పలకలో, ఏడు శాతం తేడా వచ్చిందంటే నాలుగు మిల్లీమీటర్లకు పైనే. రోజ్‌వుడ్ బ్యాక్ (వెనక పలక) కొంత నయం, రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు. గ్రెయిన్ పొడవునా చెక్క దాదాపు కదలదు కాబట్టి, పలకకు అడ్డంగా అంటించిన బ్రేసు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పలక లోపలికి లాక్కుంటుంది, బ్రేసు రానివ్వదు. ముందు పలకకు ఇచ్చిన కొద్దిపాటి ఉబ్బు (డోము) చదునవుతుంది, తర్వాత లోపలికి కుంగుతుంది, చివరికి బ్రిడ్జి కిందో సెంటర్ జాయింటు పక్కనో పగులు వస్తుంది.

ఇదే తిరగేసి చూడండి. 40–45% లో కట్టిన గిటార్ వానాకాలంలో ఉబ్బుతుంది, టాప్ పైకి లేస్తుంది, యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) పెరుగుతుంది. చిరాకు తెప్పిస్తుందిగానీ గిటార్ పోదు. తీగలు ఆనుకునే సాడిల్ కాస్త తగ్గించుకుని వాయించుకోవచ్చు. అందుకే పొరపాటంటూ జరిగితే అది పొడి వైపే జరగాలి. విశాఖలో 75% దగ్గర కట్టిన గిటార్‌ను మే నెల హైదరాబాద్‌కు తీసుకెళ్లినా, హీటర్లు నడిచే న్యూజెర్సీ ఇంటికి డిసెంబరులో పంపినా అది పగలడానికి అన్నివిధాలా సిద్ధంగా ఉన్నట్టే.

ఏసీ విషయం

ఏసీ తేమ తీస్తుంది, నిజమే. కానీ దాన్ని నడిపించేది ఉష్ణోగ్రతే, తేమ కాదు. గది 24 డిగ్రీలకు చేరగానే కంప్రెసర్ నెమ్మదిస్తుంది. ఇన్వర్టర్ ఏసీలైతే తక్కువ లోడు మీద కాయిల్ అంత చల్లబడదు కాబట్టి గాలిని చల్లబరుస్తాయిగానీ నీళ్లు పెద్దగా దించవు. కంప్రెసర్ ఆగి ఫ్యాన్ తిరుగుతూ ఉంటే కాయిల్ మీద ఉన్న నీళ్లు మళ్లీ గదిలోకే ఆవిరవుతాయి. కోస్తాలో మామూలు పడకగది ఏసీతో 50–60% దగ్గర ఆగిపోవడం అందుకే. సెట్టింగు 20కి దించితే గది చలేస్తుంది తప్ప ఆర్‌హెచ్ పెద్దగా దిగదు. చల్లగాలి తక్కువ ఆవిరినే పట్టుకోగలదు కదా. డ్రై మోడ్ కొంత మేలు, అయినా అది 45 దగ్గర పట్టి ఉంచదు.

ఇంతకంటే పెద్ద చిక్కు రాత్రిపూట. పని అయ్యాక ఏసీ ఆపుతాం. గంటా రెండు గంటల్లో తేమ మళ్లీ పైకెళ్తుంది. ఏసీ ఉన్న నాలుగు గంటలు మీటర్ 52 చూపించినా మిగతా ఇరవై గంటలు టాప్ 78లో ఉంటుంది. పలక ఆ ఇరవై గంటల మాటే వింటుంది. మీటర్ చూసి ధైర్యంగా బ్రేసులు అంటించేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

డీహ్యూమిడిఫయర్ విషయం

ఇది తేమను చూసే నడుస్తుంది కాబట్టి సూత్రప్రాయంగా సరైన యంత్రం. అయితే యంత్రం అట్టపెట్టె మీద రాసిన రోజుకు 20 లీటర్లనే అంకెను అలాగే నమ్మకూడదు. అది సాధారణంగా 30 డిగ్రీలు, 80% దగ్గర కొలిచింది. గది 50% కు దిగాక అందులో సగం కూడా రాదు.

పది బై పన్నెండు గది, పది అడుగుల ఎత్తు అనుకుందాం. గాలి 34 ఘనపు మీటర్లు. బయట 30 డిగ్రీల్లో 80% ఉంటే ఘనపు మీటరుకు సుమారు 24 గ్రాముల ఆవిరి ఉంటుంది. మనకు కావాల్సిన 27 డిగ్రీలు, 45% దగ్గర 11–12 గ్రాములు. అంటే గదిలో గాలి నుంచి తీయాల్సింది అర లీటరు లోపే. కానీ తలుపు కింద సందు, కిటికీ చట్రం, వెంటిలేటర్ గుండా గంటకు ఒకసారి గాలి మారితే గంటగంటకూ ఆ అర లీటరు మళ్లీ వచ్చి పడుతుంది, రోజుకు పది లీటర్లు. మన ఇళ్లలో జాలీ వెంటిలేటర్లు మూయకుండా యంత్రం కొంటే అది వీధిని ఆరబెడుతూ కూర్చుంటుంది. ముందు వెంటిలేటర్‌కు అక్రిలిక్ షీటు బిగించి అంచులకు సిలికాన్ వేయాలి, తలుపుకు రబ్బరు బీడింగ్ పెట్టాలి. ఆ తర్వాతే యంత్రం.

రెండో సంగతి వేడి. ఆవిరి నీరుగా మారేటప్పుడు వదిలే వేడి, యంత్రం తినే కరెంటు, రెండూ గదిలోనే ఉండిపోతాయి. రోజుకు పది లీటర్లు తీస్తే గదిలో 500 వాట్ల హీటర్ ఆగకుండా నడిచినట్టు లెక్క. జనవరిలో ఫరవాలేదు. మే నెలలో విశాఖలో ఆ గదిలో నిలబడి ఉలి పట్టుకోలేం, ఏసీ కూడా కావాల్సి వస్తుంది. బకెట్ నిండి అర్ధరాత్రి యంత్రం ఆగిపోకుండా డ్రెయిన్ పైపు బయటికి పెట్టుకోవడం తప్పనిసరి.

వరసగా గిటార్లు కట్టేవాళ్లకు, రిపేరుకు జనం గిటార్లు తెచ్చి వదిలే షాపుకు ఈ ఖర్చు న్యాయమైందే. అక్కడ ఏసీ, డీహ్యూమిడిఫయర్ రెండూ కలిపి నడపడమే దారి.

పెట్టె విషయం

గిటార్ పనిలో తేమ గట్టిగా పట్టించుకోవాల్సిన దశలు చాలా తక్కువ. టాప్, బ్యాక్ పలకల సెంటర్ జాయింటు, బ్రేసులు, బ్రిడ్జి ప్లేటు (బ్రిడ్జి కింద లోపలి వైపు అంటించే చెక్క), సైడ్స్‌తో చేసిన చట్రం (రిమ్) మీద టాప్ బ్యాక్ మూయడం, తర్వాత మెడకు ఫ్రెట్‌బోర్డు. సైడ్స్ వంచడం, మెడ చెక్కడం, రోజెట్ (సౌండ్ హోల్ చుట్టూ ఉండే అలంకరణ) పొదగడం, కెర్ఫింగ్ (సైడ్స్ అంచున లోపల అంటించే గాట్లు పెట్టిన పట్టీ) అంటించడం, వీటికి గది ఎలా ఉన్నా పెద్దగా నష్టం లేదు. అంటే నెలల పనిలో అదుపు నిజంగా కావాల్సింది కొద్ది రోజులే, అదీ చెక్క చుట్టూ ఉన్న కొద్ది గాలికే. మిగతా 34 ఘనపు మీటర్లను ఆరబెట్టి ఏం లాభం?

లోపలి కొలత 30 అంగుళాల వెడల్పు, 30 లోతు, 36 ఎత్తు ఉంటే రెండడుగుల గో-బార్ డెక్, పలకకు ఉబ్బునిచ్చే గుంట అచ్చు (రేడియస్ డిష్)తో సహా పడుతుంది. 12 మిల్లీమీటర్ల ప్లై చాలు. లోపలి ముఖాలకు రెండు కోట్లు పాలియురెథేన్ వేయకపోతే ప్లై తనే తేమ తాగి వదులుతుంటుంది. ముందు తలుపుకు చుట్టూ ఫ్రిజ్ గాస్కెట్ లాంటి రబ్బరు, రెండు చోట్ల బిగించే లాచ్. లోపల చిన్న కంప్యూటర్ ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతూ ఉండాలి. అది లేకపోతే కింద జెల్ దగ్గర 38, పైన 55 చూపిస్తుంది, అడుగున ఉన్న పలక వంకర తిరుగుతుంది. పలకల మధ్య అర అంగుళం పుల్లలు పెట్టి రెండు వైపులా గాలి ఆడనివ్వాలి.

ఈ పెట్టెలో గాలి అర ఘనపు మీటరు. తలుపు తీసి మూస్తే లోపలికొచ్చే అదనపు ఆవిరి ఆరేడు గ్రాములే. చెక్కలోంచి తీయాల్సింది టాప్, బ్యాక్, సైడ్స్, బ్రేసులు కలిపి వంద గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. కిలో సిలికా జెల్ 45% దగ్గర దాదాపు 200 గ్రాములు పట్టుకోగలదు. రంగు మారే గింజలు కొంచెం కలిపి ఉంచుకుంటే ఎప్పుడు వేయించాలో తెలుస్తుంది. పళ్లెంలో పలచగా పరిచి అవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ తయారు.

జెల్‌తో ఒక ప్రమాదం ఉంది. దానికి ఆగడం తెలియదు. కొత్తగా వేయించిన జెల్ ఎక్కువ పెడితే పెట్టె 20% కు కూడా దిగుతుంది. అందుకని జెల్‌తో 45 దాకా దించి, తర్వాత దాన్ని తీసేసి పొటాషియం కార్బొనేట్ పళ్లెం పెట్టడం మంచిది. ఈ లవణాన్ని నీళ్లతో తడి ఇసుకలా కలిపి, కరగని పలుకులు ఎప్పుడూ కనిపించేలా ఉంచితే చుట్టూ గాలిని 43% దగ్గర పట్టి ఉంచుతుంది. ఉష్ణోగ్రత మారినా ఆ అంకె పెద్దగా కదలదు. తేమ ఎక్కువైతే తాగుతుంది, తక్కువైతే వదులుతుంది. లోతు పళ్లెం కాదు, వెడల్పాటి ప్లాస్టిక్ ట్రే కావాలి. అల్యూమినియం వద్దు, క్షారం దాన్ని తినేస్తుంది. గ్లవ్స్ వేసుకోండి. చుక్క చెక్క మీద పడితే మచ్చ పడుతుంది కాబట్టి ట్రే మీద గుడ్డ కట్టి ఉంచండి.

చెక్క సిద్ధమైందా లేదా అన్నది మీటర్ చెప్పదు, తూకం చెబుతుంది. టాప్‌ను రోజూ ఒకే సమయానికి 0.1 గ్రాము చూపే తక్కెడ మీద పెట్టి బరువు పలక మీదే పెన్సిల్‌తో రాసుకోండి. 240 గ్రాముల స్ప్రూస్ పలక కోస్తా గది నుంచి వచ్చిందంటే పదమూడు, పద్నాలుగు గ్రాములు తగ్గుతుంది. రెండు రోజులు వరసగా బరువు మారకపోతే అప్పుడు అంటించండి. మూడు మిల్లీమీటర్ల పలకకు వారం లోపే పడుతుంది. బ్రేసు చెక్కలకు ఇంకా ఎక్కువ, వాటిని ముందుగానే లోపల పెట్టేయాలి.

అంటించే రోజు బ్రేసులన్నీ ముందే డిష్‌లో రుద్ది సరిపెట్టుకుని, పొడిగా ఒకసారి గో-బార్లు బిగించి చూసుకోవాలి. గదికి ఏసీ ఉంటే గంట ముందు వేయండి, ఏసీ నిజంగా పనికొచ్చే గంట అదే. పలక తీసి, జిగురు రాసి, బార్లు బిగించి, తలుపు మూసేయడం ఇరవై నిమిషాల్లో అయిపోవాలి. టైట్‌బాండ్ లాంటి చెక్క జిగురులో ఉన్న నీరు కూడా పలకలోకే దిగుతుంది, అందుకే జిగురు ఆరే రాత్రంతా డెక్ పెట్టె లోపలే ఉండాలి. పెట్టెలో ఆరబెట్టి, బల్ల మీద క్లాంపులు బిగించి పొద్దున దాకా బయట వదిలేస్తే అంతవరకూ చేసినదంతా వృథా. ఎక్స్ ఆకారపు ప్రధాన బ్రేసు ఒకరోజు, మిగతావి మరోరోజు చేసేవాళ్లు మధ్యలో పలకను మళ్లీ లోపలే ఉంచాలి.

పెట్టెకున్న లోపం ఒక్కటే. రిమ్ మీద టాప్ మూసేటప్పుడు రిమ్‌ను పట్టి ఉంచే అచ్చు (మోల్డు), అంచు చుట్టూ బిగించే స్పూల్ క్లాంపులతో కలిపి పొడవు 30 అంగుళాలు దాటవచ్చు. పెట్టె చేసేముందు మీ మోల్డు కొలుచుకోండి.

మీటర్

పది శాతం తప్పు చూపే చవక హైగ్రోమీటర్‌తో ఏ పద్ధతైనా దండగే. మూత గట్టిగా పట్టే డబ్బాలో తడిపిన ఉప్పు, మీటర్ కలిపి ఒకరోజు ఉంచితే 75 చూపాలి. పొటాషియం కార్బొనేట్‌తో 43 చూపాలి. మనం పని చేసేది ఈ రెండో అంకె దగ్గర కాబట్టి దీన్నే ఎక్కువ నమ్మండి. తేడా ఎంతో మీటర్ వెనక రాసి అంటించండి.

మిగతావి

బల్బు పెట్టె (లోపల బల్బు వెలిగించి వేడి చేసేది): 28 డిగ్రీల్లో 80% ఉన్న గాలిని 45 కు తేవాలంటే 38 డిగ్రీల దాకా వేడెక్కించాలి. పలకలు ఆరతాయిగానీ, బయటికి తీసిన క్షణం నుంచి మళ్లీ తాగుతాయి. బీరువాల్లో వేలాడదీసే కాల్షియం క్లోరైడ్ సంచులకు అదుపు లేదు, కారితే చెక్క పాడవుతుంది. గిటార్ కేసుల్లో వేసే రెండు వైపులా పనిచేసే ప్యాకెట్లు పూర్తయిన గిటార్‌కు బాగుంటాయి, చెక్క ఆరబెట్టడానికి చాలవు.

హైదరాబాద్, వరంగల్ వాళ్లకు మరో వెసులుబాటు ఉంది. మార్చి, ఏప్రిల్‌లో సగటు తేమ 40% దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి బ్రేసుల పని ఆ నెలలకు పెట్టుకోవచ్చు. కానీ ఏప్రిల్ మధ్యాహ్నాలు 25% కు పడిపోతాయి, పక్క గదిలో ఎయిర్ కూలర్ వేస్తే ఒక్కసారిగా 60 దాటుతుంది. అక్కడ జెల్ అవసరం లేదు, పొటాషియం కార్బొనేట్ ట్రే ఉన్న పెట్టె చాలు. ఎండాకాలంలో ట్రేలో నీళ్లు తగ్గుతుంటాయి, వారానికోసారి చూసి కొంచెం పోయండి. జూలై వచ్చేసరికి అదే ట్రేలో పలుకులన్నీ కరిగి నీళ్లవుతాయి, అప్పుడు ఇంకాస్త లవణం వేయాలి.