పేరుపాలెంలో మోకాళ్ల లోతు సముద్రం

మా అత్తయ్యగారికి డెబ్భై దాటాయి, మోకాళ్ల నొప్పులు. పిల్లలిద్దరికీ నీళ్లు కనబడితే చాలు. అందరికీ సరిపోయే సముద్రం కావాలంటే కెరటాలు మీద పడని చోటు చూడాలి కదా, అందుకే ఈసారి వైజాగ్ వద్దనుకుని సంక్రాంతి వెళ్లిన వారంలో తణుకు నుంచి పెనుగొండ, మార్టేరు, పాలకొల్లు మీదుగా, పేరుపాలెం బీచ్ కోసం నరసాపురం చేరుకున్నాం. మార్టేరు వచ్చేసరికి స్వర్ణ వడ్లు పుట్టింది ఇక్కడేనని మావారు ప్రతిసారీ చెబుతారు, ఈసారీ చెప్పారు.

రాత్రికి నరసాపురంలోనే ఒక లాడ్జిలో దిగాం. పేరు చెప్పను గానీ, వేడినీళ్లు ఉన్నాయని ఫోన్‌లో చెప్పి, తెల్లవారుజామున అడిగితే గీజర్ పాడైందన్నారు. మంచాలు శుభ్రంగానే ఉన్నాయి, దోమలే నిద్ర పోనివ్వలేదు. తెల్లారకుండా బయల్దేరాలంటే మాత్రం ఈ ఊళ్లో దిగడమే సుఖం. మొగల్తూరు మీదుగా పేరుపాలెం వెళ్లేసరికి అప్పుడే సూర్యుడు నీళ్లలోంచి పైకి వస్తున్నాడు. సరుగుడు తోటల పక్కన కారు ఆపాం. బుధవారం కాబట్టి జనం పలచగా ఉన్నారు. ఆదివారాలు, అందులోనూ కార్తీకమాసంలో వనభోజనాల రోజుల్లో అయితే కారు పెట్టుకోవడానికే చోటు దొరకదు.

ఇసుక మెత్తగా ఉంది, రాయీ రప్పా లేదు. పాటు మీద ఉంది సముద్రం, అంటే నీళ్లు వెనక్కి తగ్గే వేళ, చాలా దూరం నడిచినా నీళ్లు పిక్కలు దాటలేదు. బొండాలు కొట్టే ఆయన్ని లోతెంతని అడిగితే "ఆయ్, భయమేం లేదండి, ఎంత పోయినా మోకాలే" అన్నాడు. అత్తయ్యగారు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, నా భుజం మీద చెయ్యేసి, పావుగంట సేపు అలాగే నిలబడ్డారు. ఆవిడ సముద్రంలో కాలు పెట్టి ఇరవై ఏళ్లు దాటిందట.

బొండాలాయన మాట నిజమే, కానీ సగమే నిజం. గోదావరి తెచ్చిన ఇసుకని కెరటాలు ఒడ్డుకి సమాంతరంగా మేటలు వేస్తాయి, మేటకీ మేటకీ మధ్య పల్లం ఉంటుంది. పాటు వేళ ఆ పల్లం దాటి అవతలి మేట మీదికి వెళ్లిపోతాం, ఆటలో పడి పోటు మొదలై నీళ్లు మళ్లీ పెరుగుతున్న సంగతి గమనించం, ఈలోగా వెనక పల్లం నిండిపోతుంది. మా ఆడపడుచు కొడుకు, తొమ్మిదేళ్లవాడు, ఒడ్డుకి తిరిగి వస్తూ రెండడుగుల్లో మోకాలి లోతు నుంచి గుండె లోతుకి దిగిపోయాడు. వల సర్దుకుంటున్న ఒకాయన కేకేసి, తనే వెళ్లి రెక్క పట్టుకుని లాక్కొచ్చారు. మాకు చెమటలు పట్టాయి. కెరటాలు విరగకుండా నీళ్లు నున్నగా కనిపించే చోట అసలు దిగొద్దని, లోపలికి లాగేది అక్కడేనని, అమావాస్యకీ పౌర్ణమికీ పోటు మరీ ఎక్కువని ఆయనే చెప్పారు. ఆ తర్వాత పిల్లల్ని మొదటి పల్లం దాటనివ్వలేదు.

సౌకర్యాలంటారా, పెద్దగా ఏమీ ఆశించకండి. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి సరైన చోటు దొరకలేదు, దుప్పటి అడ్డం పెట్టుకుని కారులోనే మార్చుకున్నాం. ఒళ్లు కడుక్కోవడానికి రెండు క్యాన్ల మంచినీళ్లు తీసుకెళ్లడం ఎంత మంచిదైందో! చేపల వేపుడు వేడిగా బాగుంది గానీ, తినే ముందే ధర అడగండి.

మధ్యాహ్నం నరసాపురం రేవులో కారుతో సహా పంటు (బండ్లని కూడా ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లి దిగాం. చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావచ్చు గానీ పిల్లలకి ఈ పంటే పెద్ద సంబరం. వరదలప్పుడు ఆపేస్తారు, అది చూసుకోండి. అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం తీరిగ్గా అయింది. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు చూడ్డానికి అద్భుతం. చిన్నపిల్లల్ని మాత్రం నేను అక్కడ నీళ్లలోకి దింపను. ఏటి లాగుడొకటి, సముద్రపు లాగుడొకటి.

రెండో రాత్రి దిండిలో, గోదావరి ఒడ్డున రిసార్టులో దిగాం. గది విశాలం, కొబ్బరి చెట్లు, వేడినీళ్లు, అన్నీ ఉన్నాయి. రేటు మాత్రం నరసాపురం లాడ్జికి మూడింతలు. బిల్లు చూసి మావారు మాట్లాడలేదు. అత్తయ్యగారు వరండాలోంచి కాసేపు గోదావరిని చూసి, "ఇది రోజూ చూసేదేగా, రేపు మళ్లీ ఆ మోకాళ్ల లోతు సముద్రానికే పోదామే" అన్నారు.