టెకీలా ఊళ్లో ‘పన్నెండేళ్ల’ సీసా కొనకండి

మెక్సికోలోని గ్వాదలహారా నగరం నుంచి టెకీలా ఊరికి కారులో గంట పైన, బస్సులో దాదాపు రెండు గంటలు. దారంతా నీలి కిత్తనార తోటలు. మన రైలుకట్టల పక్కన, చేలగట్ల మీద పెరిగే కిత్తనారకు దగ్గరి చుట్టమే ఇది; టెకీలా అనే మద్యం తీసేది దీని దుంప నుంచే. ఈ తోటల్నీ పాత బట్టీలనీ యునెస్కో 2006లో వారసత్వ జాబితాలో చేర్చింది.

ఊరి నడిబొడ్డున పీపా ఆకారపు బస్సులు పిలుస్తుంటాయి. ఒకటి ఎక్కాం, మనిషికి 350 పెసోలు. తోటలో పది నిమిషాలు, బట్టీలో పది నిమిషాలు, కొట్లో ముప్పావు గంట! ప్లాస్టిక్ కప్పులు, నిమ్మచెక్క, ఉప్పు. చివర్లో పింగాణీ సీసాలో పన్నెండేళ్ల ఎక్స్‌ట్రా అన్యెహో (పీపాలో బాగా మాగినది) అంటూ నల్లటి సరుకు, 1,800 పెసోలు. మా నలుగురిలో ఒకరు కొనేశారు. గదికి వచ్చి చూస్తే లేబుల్ మీద ‘100% దె అగావే’ (నూరు శాతం కిత్తనార) అన్న మాటే లేదు. ఆ మాట లేకపోతే చక్కెరలో 49 శాతం దాకా చెరకులాంటి వాటి నుంచి రావచ్చు. ఆయన రెండు రోజులు సరిగా మాట్లాడలేదు.

ఏళ్లు పెరిగేకొద్దీ రుచి పెరుగుతుందన్న నమ్మకం మీదే ఈ వ్యాపారం నడుస్తోంది. పీపాలో రెండు నెలలు దాటితే రెపొసాడో, ఏడాది దాటితే అన్యెహో, మూడేళ్లు దాటితే ఎక్స్‌ట్రా అన్యెహో. ఈ చివరి తరగతి పుట్టిందే 2006లో. చివరి రెండింటికీ పీపా 600 లీటర్లు మించకూడదు. బర్బన్ అనే అమెరికా విస్కీని నిలవచేసిన 200 లీటర్ల పాత ఓక్ పీపాల వాడకం ఎక్కువ. ఈ ఊరున్న హలీస్కో రాష్ట్రపు ఎండకు పీపాలోది ఏటా ఆవిరై తరిగిపోతుంది, చెక్క రుచి త్వరగా దిగుతుంది. ఐదారేళ్లు దాటాక చాలావాటిలో చెక్కే మిగులుతుంది. మంచిదానిలో వెనిలా, ఎండుఫలాల వాసనల వెనక ఉడికిన చిలగడదుంప వాసన ఇంకా తగలాలి. అదే కిత్తనార దుంప వాసన. అది పోయాక దాన్ని టెకీలా అని ఎందుకు తాగాలి?

రంగును బట్టి వయసు చెప్పలేం. కారమెల్, ఓక్ సారం, గ్లిజరిన్, చక్కెర పాకం కలిపి 1 శాతం వరకు లేబుల్ మీద రాయకుండానే వేసుకోవచ్చు. మరోవైపు క్రిస్టలినో అనే రకం నీళ్లలా ఉన్నా పీపాలో మాగినదే, బొగ్గుతో వడకట్టి రంగు తీసేస్తారు. చుక్క అరచేతిలో వేసి రుద్దండి: ఆరాక జిగురుగా ఉండి కేకు వాసన వస్తే అనుమానించాలి. లేబుల్ మీద నోమ్ అనే నాలుగంకెల సంఖ్య చూడండి, ఏ బట్టీలో తయారైందో అది చెబుతుంది.

తాగేటప్పుడు నిమ్మ, ఉప్పు, ఐసు మూడూ వద్దు. చల్లదనం వాసనను అణిచేస్తుంది. సన్న మూతి గ్లాసులో 30 మి.లీ. పోసి పావుగంట వదిలేయాలి. నోరు కాస్త తెరిచి వాసన చూడండి, లేకపోతే ఘాటు ముక్కుకు కొడుతుంది. మొదటి గుక్క నోటిని అలవాటు చేయడానికే. రెండోది ఐదారు సెకన్లు నాలుక మీద ఉంచి, మింగి, ముక్కుతో ఊపిరి వదలాలి. అసలు రుచి అప్పుడు తెలుస్తుంది. మండితే మూడు నాలుగు చుక్కల నీళ్లు. అదే బట్టీ బ్లాంకోతో (పీపాలో మాగనిది) మొదలుపెడితే పీపా ఏం చేసిందో స్పష్టంగా పట్టుకోవచ్చు. కారం తిన్న నోటితో మాత్రం కూర్చోకండి.

ఎక్కడికి వెళ్లాలంటే, ఊళ్లో నడిచి వెళ్లగలిగేది లా రోహేన్యా బట్టీ. రాతి చక్రంతో దుంప నలిపే పద్ధతి చూడాలంటే ఫోర్తలేసా. ఒక రోజు మిగిల్చుకోగలిగితే అరాందాస్ ఊరి వైపు లా ఆల్తేన్యా; 1937 నాటి బట్టీ, ముందుగా మాట్లాడుకునే వెళ్లండి. వాళ్ల ఎల్ తెసోరో పరదీసో టెకీలా ఐదేళ్లు కోన్యాక్ (ఫ్రెంచి బ్రాందీ) పీపాల్లో ఉన్నా కిత్తనార వాసన చెక్కుచెదరలేదు. మా ప్రయాణంలో మనసు నిండింది అక్కడే. అలిగినాయన కూడా అక్కడే నవ్వాడు. టెకీలా ఊళ్లోని లా కపీయా కాంతీనాలో (బార్‌లో) బతంగా తప్పక తాగండి, కానీ అది కోలా కలిపే పానీయం, అందులో పాత టెకీలా పోయించుకోకండి.

బస మీద ఒక్క మాట: కూడలి పక్క గది 1,250 పెసోలు, శనివారం రాత్రి రెండింటిదాకా బ్యాండు మోగుతూనే ఉంది. రెండు వీధుల అవతల తీసుకోండి. పిల్లలుంటే ఊరి వెలుపల కిత్తనార తోటలోని పీపా ఆకారపు గదులు బాగుంటాయి.

విమానంలో చెక్-ఇన్ సామానులో మనిషికి 5 లీటర్ల వరకు పెట్టుకోవచ్చు, సీలు తీయకూడదు. సుంకం లేకుండా భారత్‌కు 2 లీటర్లు, అమెరికాకు 1 లీటరు. ఇంట్లో సీసా నిలబెట్టే ఉంచండి, పడుకోబెడితే బిరడా పాడవుతుంది. సగం అయ్యాక చిన్న సీసాలోకి మార్చేయండి, ఖాళీ జాగాలోని గాలి ఆ వాసన తినేస్తుంది.