ఇన్వర్టర్ కింద లిథియం బ్యాటరీ: వార్తల్లో ఉండేది, వాడితే తెలిసేది

బ్యాటరీల మీద వారానికో వార్త వస్తోంది. 2025 మార్చిలో చైనా కార్ల కంపెనీ బీవైడీ ఐదు నిమిషాల ఛార్జింగుతో కారు 400 కిలోమీటర్లు నడుస్తుందంది. ఏప్రిల్‌లో చైనా బ్యాటరీల కంపెనీ సీఏటీఎల్ 520 అంది, దాంతోపాటే నాక్స్‌ట్రా పేరుతో సోడియం అయాన్ బ్యాటరీనీ ప్రకటించింది. ఇలాంటి వార్తలంటే నాకు ప్రాణం. కానీ 12.8 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీని ఇంటి ఇన్వర్టర్‌కి కొన్నేళ్లుగా వాడుతున్నాక కుదిరిన అభిప్రాయం వేరు. ఇంట్లో బ్యాటరీ ఎన్నాళ్లు మన్నుతుందో తేల్చేది దాని రసాయనం కన్నా దానికి ఛార్జింగు పెట్టే ఇన్వర్టరే.

ఎల్‌ఎఫ్‌పీ అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. 1997లో అక్షయ పాధి, నంజుండస్వామి, గుడెనఫ్ ఈ పదార్థం గురించి ప్రకటించారు. ఇందులో ఆక్సిజన్ భాస్వరంతో గట్టిగా బిగుసుకుని ఉంటుంది కాబట్టి వేడెక్కినా అంత తేలిగ్గా బయటికి రాదు. నికెల్, కోబాల్ట్ ఉన్న సెల్లులతో పోలిస్తే మంటల భయం బాగా తక్కువ. బొత్తిగా లేదని కాదు, లోపలి ఎలక్ట్రొలైట్ మండే ద్రవమే. 2022 వేసవిలో స్కూటర్లు తగలబడ్డ వార్తలు చూసి లిథియం అన్నదాన్నల్లా ఒకే గాటన కట్టేశారు చాలామంది. కొనేముందు పెట్టె మీద రసాయనం పేరు చదవండి.

150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ (ఇళ్లలో మామూలుగా వాడే సీసం బ్యాటరీ) కన్నా ఈ 100 తక్కువే కదా అని దుకాణంలో అడుగుతారు. ట్యూబులర్ మీద రాసిన 150 ఆంపియర్ అవర్, 7.5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు లాగితే వచ్చే లెక్క. ఇంటి లోడు 30, 40 ఆంపియర్లు లాగినప్పుడు అంత రాదు. పైగా ఎక్కువకాలం మన్నాలంటే దాన్ని సగానికి మించి ఖాళీ చేయకూడదు. ఎల్‌ఎఫ్‌పీలో 1,280 వాట్ అవర్లకు 1,150 దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు. నాలుగు పాత ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు, రూటర్ కలిపి సుమారు 350 వాట్లు. ఇన్వర్టర్ నష్టం పోగా రెండున్నర గంటలకు పైనే నడుస్తాయి. అవే ఫ్యాన్లు 30 వాట్ల బీఎల్‌డీసీవి (తక్కువ కరెంటు తీసుకునే మోటారువి) అయితే ఐదు గంటలు దాటుతుంది. డబ్బు ఒకదానికే ఉంటే ముందు ఫ్యాన్లు మార్చండి.

ఇక అసలు సంగతి, ఛార్జింగు. లోపల నాలుగు సెల్లులు వరసగా ఉంటాయి. ఒక్కోదానికి హద్దు 3.65 వోల్టులు, మొత్తం 14.6. పాత ఇన్వర్టర్లలో కొన్ని ట్యూబులర్ మోడ్‌లో 14.8 దాటిపోతాయి. అది సీసం బ్యాటరీకి మంచిది, దీనికి కాదు. ఏ ఒక్క సెల్ హద్దు దాటినా బీఎంఎస్, అంటే సెల్లుల్ని కాపాడే లోపలి సర్క్యూట్, ఛార్జింగు ఆపేస్తుంది. ఇన్వర్టర్ ఏదో ఎర్రర్ చూపించి కూతపెడుతుంది. బ్యాటరీ పాడైందని మెకానిక్ విప్పదీస్తాడు, బ్యాటరీ మాత్రం బాగానే ఉంటుంది. లిథియం మోడ్ ఉన్న ఇన్వర్టరే తీసుకోండి. అది ఉన్నా సరే, ఛార్జింగు చివర్లో టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్ పెట్టి చూడండి. 14.2 నుంచి 14.4 మధ్య ఆగాలి, తర్వాత ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే వోల్టేజీ) 13.5 దగ్గర నిలవాలి. 13.8 దగ్గరే ఆగిపోతుంటే సెల్లుల మధ్య తేడా సరిదిద్దుకోవడానికి బీఎంఎస్‌కు అవకాశం దొరకదు.

కింది వైపు ఇంకా జాగ్రత్త కావాలి. సీసం బ్యాటరీకి 10.5 దగ్గర కట్ అయ్యేలా పెడతారు. ఎల్‌ఎఫ్‌పీ ఆ వోల్టేజీకి వచ్చిందంటే దాదాపు ఖాళీ. ఇంకాస్త దిగితే బీఎంఎస్ పూర్తిగా మూసేస్తుంది, టెర్మినళ్ల మీద వోల్టేజీ కనపడదు, కరెంటు వచ్చాక కూడా కొన్ని ఇన్వర్టర్లు బ్యాటరీ లేదనుకుని ఛార్జింగు మొదలుపెట్టవు. అప్పుడు విడిగా లిథియం ఛార్జర్ పెట్టి లేపాల్సిందే. కటాఫ్ మార్చే వీలుంటే 11.5 పైన పెట్టండి. లేకపోతే మొదటి కూతకే లోడు తగ్గించండి.

ఇన్వర్టర్ మీది నాలుగు గీతల్ని నమ్మొద్దు. సుమారు 70 శాతం నుంచి 40 శాతం దాకా వోల్టేజీ 13.2 దగ్గరే కదలకుండా ఉంటుంది, గీతలు అకస్మాత్తుగా పడిపోతాయి. బీఎంఎస్ యాప్‌లో చూపే శాతం నయం, నిండా ఛార్జింగు అయిన ప్రతిసారీ లెక్క సరవుతుంది. ఆ యాప్‌లోనే సెల్లుల వోల్టేజీలు చూడండి. పైన 14 వోల్టుల దగ్గర కాస్త తేడా ఉండటం మామూలే. మధ్యలో, లోడు లేనప్పుడు 30 మిల్లీవోల్టులు దాటి తేడా ఉంటే ఏదో సెల్ బలహీనపడుతున్నట్టు.

నిండు లోడు మీద 900 వీఏ ఇన్వర్టర్ 60 ఆంపియర్లకు పైగా లాగుతుంది. లగ్గు (టెర్మినల్‌కి వైరును బిగించే కొస) వదులుగా ఉంటే అక్కడే కాలుతుంది. నీళ్లు పోసే పని లేదు కదా అని ఆర్నెల్లకోసారి స్పానర్ పెట్టడం మానొద్దు. యాసిడ్ ఆవిరి రాదు కాబట్టి ఎండ కొట్టే బాల్కనీలోంచి లోపలికి తెచ్చేయండి. నిండా ఛార్జింగుతో వేడిలో కూర్చున్న సెల్, వాడకపోయినా అరిగిపోతుంది.

ఐదు నిమిషాల వార్తల మాట: బీవైడీ చెప్పింది 1,000 కిలోవాట్ల ఛార్జర్ గురించి. ఇంటి ఇన్వర్టర్ పెట్టేది 15 ఆంపియర్లు, అంటే 200 వాట్ల పైచిలుకు. ఖాళీ బ్యాటరీ నిండటానికి ఏడు గంటలు పడుతుంది. మనకు పనికొచ్చే వేగం వేరే ఉంది. ట్యూబులర్ చివరి 20 శాతానికి గంటలు తీసుకుంటుంది. ఎల్‌ఎఫ్‌పీ దాదాపు చివరిదాకా ఆ 15 ఆంపియర్లనూ తీసుకుంటుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కోత ఉండే ఊళ్లో ఈ తేడా బాగా తెలుస్తుంది.

సోడియం చవకవుతుందని ఆగాలా? ఆ సెల్ వోల్టేజీ 4 నుంచి 1.5 దాకా జారుతుంది. నాలుగు కలిపితే 16 నుంచి 6. ఇప్పటి 12 వోల్టుల ఇన్వర్టర్లు ఆ పరిధిలో పనిచేయవు, కాబట్టి బ్యాటరీతోపాటు ఇన్వర్టర్ కూడా మారాలి. చలికి తట్టుకోవడమనే దాని పెద్ద సుగుణం మన ఎండలకు అక్కరకు రాదు. రోజుకు పావుగంట కోత ఉండేవాళ్లు ట్యూబులర్‌తోనే ఉండొచ్చు. పాతదాన్ని ఇస్తే సీసానికి ఎంతో కొంత ధర కడతారు. లిథియం కొనేవాళ్లు మాత్రం పాతబడ్డాక వెనక్కి తీసుకుంటారో లేదో ఇప్పుడే అడిగి బిల్లు మీద రాయించుకోండి.